డిండోలి గదిలో పెరూ యాత్ర

కరోనా రెండో విడతలో మా ఆయన పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు గానీ పొయ్యి వెలిగించడం మాత్రం మానలేదు. మేం సూరత్‌కు బతకొచ్చిన నేతవాళ్లం. బట్ట నేసే సాంచెల కార్ఖానా మూతపడి కొడుకు ఇంట్లోనే కూర్చున్నాడు. ఇల్లు నడిచేది మనవరాలి జీతం మీదే.

ఆ పిల్ల రింగ్ రోడ్ దగ్గర టూర్ల ఆఫీసులో పనిచేసేది. విమానాలు లేవు కాబట్టి సేఠ్ కొత్త దారి వెతికాడు. పెరూ దేశంలో ఒక గైడు ఫోన్ పట్టుకుని తిరుగుతూ ఇంగ్లీషులో చెబుతాడు. మనవరాలు ఇక్కడ డిండోలిలో మా గదిలో కూర్చుని దాన్ని హిందీలో చెబుతుంది. ఇళ్లలో ఇరుక్కుపోయిన సూరత్ కుటుంబాలు టికెట్ కొనుక్కుని చూస్తాయి. మాకు దీపాలు పెట్టే వేళ, పెరూలో పొద్దెక్కే వేళ. చప్పుడవుతుందని ఫ్యాన్ ఆపేవాళ్లం. కరెంటు కూడా కలిసొచ్చేది.

నేను కెమెరాకు కనబడకుండా గోడకు ఆనుకుని చూసేదాన్ని. సముద్రం పక్కనే ఎడారి చూశాను. గొర్రెకు ఒంటె మెడ అతికించినట్టున్న జంతువులను చూశాను. అక్కడి ఆడవాళ్లు నేల మీద కూర్చుని నడుముకు కట్టుకున్న మగ్గం మీద నేయడం చూశాను. మా ఆయన ఉంటే ఫోన్ దగ్గరికి జరిగి చూసేవాడు. నాకేమీ అనిపించలేదు.

ఒక వారం గైడు దుంపల అంగడికి వెళ్లాడు. నల్లవి, ఎర్రవి, వంకాయ రంగువి. మంచులో ఆరబెట్టి, కాళ్లతో తొక్కి, ఏళ్ల తరబడి దాచుకుంటారట. పారేసే అలవాటు లేని మనుషులని నాకు నచ్చారు. కానీ చూసేవాళ్లలో చాలామంది జైనులు, భూమిలో పండిన దుంప ముట్టరు. పూటంతా దుంపలేనా అని సేఠ్‌కు ఫోన్లు వెళ్లాయి. ఇంకోసారి ఇట్లా జరిగితే వేరే పిల్లను పెట్టుకుంటానని ఆయన తేల్చి చెప్పాడు.

మరుసటి వారం గైడు కొండ మీద ఒక ఇంటికి తీసుకెళ్లాడు. వంటింట్లో నేల మీద కుందేలుకూ ఎలుకకూ నడుమ రకం జంతువులు గడ్డి తింటూ తిరుగుతున్నాయి. తెర మీద పిల్లలు కేరింతలు కొట్టారు. మనవరాలు నవ్వుతూ చెబుతున్నదల్లా ఆగిపోయి, మైకు కట్టేసి నా వైపు తిరిగింది.

"బాపమ్మా, ఆ ఇంటామె గిప్పుడు ఒకదాన్ని కోస్తదట. చుట్టాలొస్తే గదే వంటట. సేఠ్ గూడ చూస్తుండు. నా నౌకరీ ఖతం."

"ఆదివారం మనింట్ల చాటుగ కోడికూర ఉడికేటప్పుడు ఇంటి ఓనరమ్మ తలుపు కొడితే నేనేం జేస్తుంటి?"

"డాబా మీదికి తోల్కపోతుంటివి. అప్పడాలు ఆరేసిన సూడమని."

"మరి గా గైడును గూడ బయటికి తోల్కపో."

ఆ పిల్ల గైడుకు ఏదో చెప్పింది. గైడు ఫోన్ గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా మంచు కొండ. దాని మీద పెద్ద రాబందు ఒకటి రెక్క ఆడించకుండా తిరుగుతోంది.

కాసేపటికి తెర మీది ఒక ముసలామె అడిగింది. "బేటీ, లోపలి ఆ జీవాలను ఏం చేస్తారు?"

మనవరాలు మళ్లీ నన్ను చూసింది.

"అబద్ధం చెప్పకు," అన్నాను. "పెద్దామె. ఎరికయ్యే అడుగుతుంది."

"తింటారు, బా," అంది మనవరాలు, పెద్దామెను గుజరాతీలో పిలిచే పిలుపుతో.

తెర మీద రెండు ఇళ్ల గళ్లు చీకటైపోయాయి. మిగిలినవాళ్లు చూస్తూనే ఉన్నారు.

"సరే. మాకు చూపించలేదు కదా, అది చాలు," అంది ముసలామె. "ఆ పక్షిని ఇంకొంచెం దగ్గరగా చూపించమను."

మాంసం ముట్టని మా ఓనరమ్మకూ అన్నాళ్లూ తెలిసే ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. మేం వేసే సాంబ్రాణి వాసన వెనక కూర వాసనను ఆమె పట్టకుండా ఉంటుందా. అప్పడాలు బాగా ఎండాయని చెప్పి దిగిపోయేది.

అంతా అయ్యాక సేఠ్ ఫోన్ చేశాడు. మనవరాలు నిలబడే విన్నది.

"వచ్చే వారం నది, అడవి అట. వంటిళ్ల దిక్కు పోవద్దన్నడు. నన్నే చెప్పమన్నడు," అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది.

"ఏడిస్తే అన్నం సల్లారుతది. లే," అన్నాను.

సంతోషపడాల్సిన సంగతని నాకు తెలుసు. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఫ్యాన్ వేయబోతున్న కొడుకును కరెంటు దండగని ఆపి, గాలికి కిటికీ తెరిచి, పళ్లేలు పెట్టాను.