పూత పడని కోడలు

మాఘమాసం వస్తే ఊరంతా పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునేది. నేను మాత్రం నా ముక్కు గురించి భయపడేదాన్ని. అరవైల మొదట్లో సంగతి ఇది. మాది బాగలూరు. అక్కడున్నన్నాళ్ళూ జలుబు చేసినప్పుడు తప్ప తుమ్మి ఎరగను. వేప్పనపల్లి పక్కన మామిడితోటలవాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటి ఏడు ఏమీ కాలేదు. రెండో ఏడు చెట్లు పూతకు వచ్చాయో లేదో, కళ్ళు ఎర్రబడ్డాయి, అంగిలి దురద, ముక్కు ఒకటే కారడం, తుమ్ము వెంట తుమ్ము.

ఊరికే రోగమైతే ఓర్చుకునేదాన్ని. మా అత్తగారింట్లో తుమ్ము రోగం కాదు, శకునం. మామ చెప్పులు తొడుక్కొని గడప దాటబోయే వేళకు లోపల నేను తుమ్మేదాన్ని. ఆయన ఒక్క మాటా అనేవాడు కాదు. చెప్పులు విప్పి, వెనక్కి వచ్చి మంచం మీద కూర్చొని "నీళ్ళు" అనేవాడు. ఆ నీళ్ళు నేనే తీసుకుపోయి ఇవ్వాలి. ఇస్తూ మళ్ళీ తుమ్మితే ఆ రోజుకు ప్రయాణమే లేదు. తిట్టినా బాగుండేది. చెంబు పట్టుకొని ఆయన ఎదుట నిలబడితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మా అత్త కూడా తుమ్మేది. కానీ ఆమెకు ముక్కుపొడి అలవాటు, రొంటిన ఎప్పుడూ చిన్న తగరపు డబ్బీ ఉండేది. పొడి తుమ్ము శకునానికి రాదని ఆ ఇంటి శాస్త్రం. ఆమె ఎన్ని తుమ్మినా మామ ఆగకుండా వెళ్ళిపోయేవాడు. ఒకే ఇంట్లో ఒక ముక్కుకు ఒక న్యాయం, ఇంకో ముక్కుకు ఇంకో న్యాయమా అని నాకు ఒళ్ళు మండేది.

మరుసటి మాఘంలో ఆడబిడ్డ పెళ్ళి పెట్టుకున్నారు. పందిరి ఇంటి ముందరే, చుట్టూ తోట విరగబూసి ఉంది. పెద్దకోడలిని, తలంబ్రాల పళ్ళెం నేనే పట్టాలి. మామ మా ఆయనతో అన్నాడు, నాకు వినబడేలాగే.

"పెండ్లి అయ్యేదాకా ఆమెను బాగలూరులో ఇడిసిపెట్టి రాప్పా. తాళి కట్టే పొద్దులో తుమ్మితే నా కూతురి బతుకు ఏం కావల్ల?"

పెళ్ళింట్లో పెద్దకోడలు లేకపోతే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? మొగుడు వదిలేశాడనుకుంటారు. ఆ మాట పడి మళ్ళీ ఆ ఊళ్ళో తల ఎత్తుకు తిరగలేను. మా ఆయన కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆయన నన్ను బస్సెక్కించి కృష్ణగిరి తీసుకుపోయాడు.

అక్కడ మైక్రోస్కోపు పెట్టుకున్న డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఒక నున్నటి కాగితం చేతికిచ్చి "దీంట్లో చీదమ్మా" అన్నాడు. పక్కనే మొగుడు. గోడవైపు తిరిగి చీదాను. డాక్టరు దాన్ని గాజుపలక మీద పలుచగా పూసి, రంగు వేసి కడిగి, కాసేపటికి నన్ను పిలిచి చూడమన్నాడు. ఒక కన్ను మూసి చూస్తే గుండ్రటి కణాలు, ఒక్కోదాని నిండా ఎర్రటి రవ్వ.

"ఇవి ఒంట్లో కాపలా కాసేటివి. మామిడిపూత పుప్పొడిని దొంగ అనుకొని గుంపుగా నీ ముక్కులోకి వచ్చేసినాయి. నీకు పూత పడదు, అంతే. నేనిచ్చే మాత్ర పూతను ఏమీ చేయదు. కాపలావాళ్ళను కూర్చోబెడతాది. పెండ్లి అయినాక నేను చెప్పినట్ల తగ్గించుకుంటా ఆపేయల్ల. ఎక్కువ దినాలు మింగితే నిజం దొంగ వచ్చినా వాళ్ళు లెయ్యరు" అన్నాడు.

నా తప్పేమీ లేదని తెలిసి బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇంటికి రాగానే మా ఆయన వాళ్ళ నాయనతో "ఆమెకు మన తోట పడదంట నాయనా" అన్నాడు. కొంప ముంచాడు. పడదంటే ఒంటికి సరిపడదనీ అవుతుంది, గిట్టదనీ అవుతుంది. మామ రెండోదే విన్నాడు.

"తోట పడదా? రేపు ఇల్లు పడదంటాది, ఎల్లుండి మేము పడమంటాది. ఈ మాట అడిగేదానికి కృష్ణగిరి దాకా పోతిరా?"

మా ఆయన ఎంత నచ్చజెప్పినా ఆ మాట ఇంక వెనక్కి రాలేదు. అత్త డబ్బీ తీసి చిటికెడు పొడి పీల్చింది.

మాత్రలు మాత్రం పనిచేశాయి. పెళ్ళికి ముందు మళ్ళీ వెళ్ళి చూపించుకుంటే గాజుపలక మీద ఆ ఎర్ర రవ్వ కణాలు వెతికితే గానీ దొరకలేదు. ఇంట్లో నా తుమ్ము వినబడడం మానేసరికి, బాగలూరు పంపే మాట మామ మళ్ళీ ఎత్తలేదు.

పెళ్ళిరోజు పళ్ళెం పట్టుకొని పీటల పక్కన నిలబడ్డాను. గట్టిమేళం వాయించేదే చెడ్డ చప్పుళ్ళు చెవిన పడకుండా. అయ్యవారు మేళగాళ్ళకు సైగ చేద్దామని చెయ్యి ఎత్తాడు. అంతలో నా పక్కనే తుమ్ము వినబడింది. అత్త. కొత్త వియ్యంకుల ముందు బాగుండదని ఆ పొద్దు డబ్బీ లోపలే పెట్టి వచ్చింది.

పందిట్లో తలలన్నీ తిరిగాయి. ఒక్కటీ అత్తవైపు తిరగలేదు, అన్నీ నావైపే. మామ నన్నే చూశాడు. అత్తా నన్నే చూసింది. నేను కాదు అనడానికి నాకు నోరుంది. ముక్కు చూస్తే పొడిగా, శుభ్రంగా ఉంది. అయినా నేనేం చేశానంటే, కొంగు తీసి ఆ పొడి ముక్కు తుడుచుకున్నాను. తర్వాత మేళం మోగింది, తాళి కట్టారు, నేను పళ్ళెం అందించాను. నిజం దొంగ వచ్చినప్పుడు నాలో ఎవరూ లేవలేదు. మాత్ర మీదికి నెట్టేద్దామంటే, డాక్టరు ఇచ్చింది ముక్కుకు, నోటికి కాదు.

పెళ్ళికూతుర్ని అత్తవారింటికి పంపాక ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. డబ్బీని చేతిలో తిప్పుతూ ఉంది.

"ఏమ్మే, ఆ డాక్టరు నాదీ చూస్తాడా?"

"నీవి పొడి తుమ్ములే కదత్తా" అన్నాను. ఎత్తిపొడవాలనే అన్నాను.

"పొడి ఎందుకు పట్టినాననుకుంటివి? నేనీడికి వచ్చిన కొత్తలో నాకూ ఇదే కత. ఆ చెంబు నేనూ మోసినాను. పొడి పీలిస్తే తుమ్మును ఎవురూ లెక్కపెట్టరని అప్పట్లో పక్కింటామె చెప్పింది. దాంతో పట్టినాను. నాకూ పడదు."

పడనిది పూతో, తోటో, ఇల్లో నేను అడగలేదు.

పూత రాలకముందే సంత పేరు చెప్పి ఇద్దరం కృష్ణగిరి పోయాం. ఆమె గాజుపలక నిండా ఎర్ర రవ్వే. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఇన్నుండాయా" అంది. బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చొని, ఊరు దగ్గర పడుతుండగా, "పెండ్లిలో సంగతి మీ మామకు చెప్పొద్దు" అంది.

చెప్పలేదు. మామ పోయాడు, అత్తా పోయింది. తన పెళ్ళిలో తుమ్మింది వదినేనని ఆడబిడ్డ ఇప్పటికీ పిల్లలకు నవ్వుతూ చెబుతుంది. ఆమె ఆ మాట ఎత్తగానే నా చెయ్యి దానంతటదే కొంగు కోసం పోతుంది.