మేస్త్రీ చేసిన పన్ను

వీధిలో అందరికీ ఆవిడ కాజాలత్తయ్య. చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడంలో ఎవరైనా ఆవిడ తర్వాతే. ఉన్న దురలవాటు ఒక్కటే. కత్తెర పక్కనే పెట్టుకుని దారం పంటితో కొరికేది. అలా కొరికి కొరికి కోరపన్ను విరగ్గొట్టుకుంటే, దానికి మెటల్ క్యాప్ చేసింది భర్తే. ఆయన పళ్ల ల్యాబులో పనివాడు, వీధివాళ్ల నోట పళ్ల మేస్త్రీ. మైనంతో ఆకారం చెక్కుతున్నంతసేపూ, "కత్తెరుండగా పన్నెందుకే పిచ్చిదానా?" అని ఒకటే సణుగుడు. ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

మేస్త్రీ పోయి ఏడాదైంది. ఈమధ్య ఆ పన్ను జివ్వుమంటోంది. డాక్టరుకు చూపిస్తే క్యాప్ తీసేస్తారని భయపడి, ఎవరితోనూ అనకుండా నెట్టుకొచ్చింది. అక్క ఒకవైపే నమలడం కనిపెట్టి, చెల్లెలు రెక్క పట్టుకుని లాక్కెళ్లింది.

"లోపల పుచ్చిందమ్మా, క్యాప్ మార్చాల్సిందే," అంది డాక్టరమ్మ. "మెటల్‌ది కావాలంటే కొలత తీసి ల్యాబుకి పంపుతా. మెటల్ లేని తెల్లదైతే మా మిషన్ ఇక్కడే చేసేస్తుంది, ఇవాళే పెట్టేస్తా. కానీ మీరు దారం కొరుకుతారట కదా, అంచు పెచ్చు లేస్తుంది. మీకు మెటలే నయం."

"ల్యాబులో ఎవరు చేస్తారమ్మా?"

"ఒకాయన ఉన్నారు. చెయ్యి చాలా మంచిది."

మంచిదే కావచ్చు. కానీ మేస్త్రీ చేతిపని ఉన్న చోట ఇంకొకరి చేతిపని పెట్టుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. మిషన్‌కైతే చేతులుండవు.

"తెల్లదే పెట్టమ్మా," అంది.

చెల్లెలు పకపకా నవ్వింది. "ఈ వయసులో సోకేంటే అక్కా!"

"ఏం, నాకుండకూడదా?" అని తప్పించుకుంది అత్తయ్య. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "పాతది మాత్రం జాగ్రత్తగా తీసి నాకిచ్చెయ్," అంది.

"కోస్తేగానీ రాదమ్మా. గట్టిగా పట్టుకునుంది. ముక్కలవుతుంది."

ఇది ఆవిడ అనుకోలేదు. డబ్బాలో దాచుకుందామనుకుంది, అప్పుడప్పుడు చూసుకుందామనుకుంది. మేస్త్రీ పని మరి, ఊరికే ఊడుతుందా! నోరు తెరిచి కళ్లు మూసుకుంది. క్యాప్ కోస్తున్న చప్పుడు తలంతా నిండింది. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

"నొప్పా అమ్మా?"

అవునని తలూపింది. మత్తిచ్చిన చోట నొప్పేమిటో అర్థంకాక డాక్టరమ్మ ఇంకో సూది వేసింది.

పక్కగదిలో మిషన్ అద్దం వెనక నీళ్లు చిమ్ముకుంటూ తెల్లటి దిమ్మను అరగదీసింది. మేస్త్రీ అయితే ప్రతి గీతకీ ఒకసారి ఉఫ్‌మని పొడి ఊదేవాడు. ఆ ఊపిరి లేకుండానే పన్ను తయారైంది. అతికించాక చెల్లెలు అద్దం చూపించి, అసలు పన్ను మళ్లీ మొలిచినట్టే ఉందని మురిసిపోయింది. నిజంగానే బాగుంది. అత్తయ్య మాత్రం నాలుకతో తడిమి చూసుకుని, కొత్తవాళ్లింటికి వచ్చినట్టు మెల్లగా నోరు మూసుకుంది. పాత క్యాప్ రెండు ముక్కలూ కొంగున ముడేసుకుని ఇల్లు చేరింది.

మర్నాడు పొద్దున్నే సగంలో ఉన్న చొక్కా తీసింది. కాజా పూర్తయింది. దారం నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. తర్వాత కత్తెర అందుకుని దారం కత్తిరించింది.

"ఇదిగో, కత్తెరతోనే," అంది, మేస్త్రీ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూసి. ఆయన బతికుండగా ఒక్కసారైనా ఆ మాట విని ఉంటే ఎంత సంతోషించేవాడో!