మలుపు దగ్గర అబీ నిలబడిన చోటు

అబీ మర్నేన్ తమ్ముడు డెన్నీతో మాట్లాడకుండా యాభై ఏళ్ళలో ఒక్క పూట కూడా ఉన్నది లేదు. ఆ తర్వాత మాత్రం ఒక శీతాకాలమంతా, ఆ వెనక వసంతమంతా కుక్కతోనే మాట్లాడింది.

“సెయిలర్, బంగాళాదుంపలు ఉడికాయని ఆయనగారికి చెప్పు” అనేది.

డెన్నీ మాత్రం తక్కువవాడా? ఉప్పెక్కువైందని ఆవిడగారికి చెప్పమని అదే కుక్కను పురమాయించేవాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. ఇల్లొకటే, పొయ్యొకటే. ఆ కుక్క వీళ్ళ ముఖాలు మార్చి మార్చి చూసి మెడ నొప్పి తెచ్చుకుని ఉంటుంది.

గొడవ ఇనపగుండు పందెం దగ్గర మొదలైంది. మా కార్క్ కౌంటీ పల్లెల్లో ఆదివారం చర్చి అయ్యాక మగవాళ్ళు అరచేతిలో పట్టే ఇనపగుండు పట్టుకుని రోడ్డెక్కుతారు. విసిరిన గుండు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లలో దారంతా దాటినవాడు గెలిచినట్టు. విసిరేవాడికి ముందు, దూరంగా, గుండు ఎటు పోవాలో చూపడానికి ఒక మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడాలి, గుండు దగ్గరికొచ్చేసరికి పక్కకు దూకాలి. దూకకపోతే కాలి ఎముక మిగలదు. డెన్నీకి కుర్రతనం నుంచీ అలా నిలబడింది అబీయే. ఆడది రోడ్డు మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటమేమిటని మొదట్లో నవ్వారు. నవ్వినవాళ్ళ గుండ్లు ముళ్ళపొదల్లో దొరకడం మొదలయ్యాక నవ్వు తగ్గింది.

ఆ విద్య ఆమెకు బళ్ళో రాలేదు. వెళ్ళింది నాలుగేళ్ళు, అదీ చెప్పుల్లేకుండా. ఆ తర్వాత గాడిదబండి మీద పాల క్యాన్లు పాలకేంద్రానికి తోలింది. రోడ్డు నున్నగా ఉన్నచోట గాడిద కాళ్ళు జారేవి, దిగుడులో బండి దాని మీదికి ఉరికేది. కంకర తేలినచోట చక్రం గొణిగేది, గాడిద ఊపిరి తీసుకునేది. అలా ఏళ్ళ తరబడి పోయి వచ్చిన మనిషికి రోడ్డు గురించి ఇంకొకరు చెప్పేదేముంటుంది? పిల్లప్పుడు ఆమె గుండు కూడా విసిరింది, డెన్నీ కంటే దూరం విసిరింది. తండ్రి చూసి, ఆడపిల్ల చెయ్యి పాలు పిండటానికని చెప్పి, గుండు లాక్కుని వాడి చేతిలో పెట్టాడు. అబీ పాలూ పిండింది, రోడ్డూ చూపింది.

పోయిన శరత్కాలంలో డెన్నీ పెద్ద పందెమే గెలిచాడు. పబ్బులో ఎవరో, సగం గెలుపు మీ అక్కదేనయ్యా అన్నారు. తాగి ఉన్నాడు, ముఖం ఎర్రబడింది. “అక్కేం చేసింది? నిలబడింది. అక్కడో రాయి పాతినా నిలబడుతుంది” అన్నాడు. తెల్లారేసరికి ఆ మాట ఊరందరి నోటా అబీ చెవిన పడింది. ఆ రోజు నుంచే కుక్కతో మాటలు.

వసంతంలో డెన్నీ వేరేవాళ్ళను నిలబెట్టుకుని రెండు పందేలు ఓడిపోయాడు. జూన్‌లో జెర్ క్రౌలీతో పందెం వచ్చింది. అదీ పోతే ఆ ఏడు జిల్లా పోటీల మాట మరిచిపోవలసిందే, వచ్చే ఏటికి ఆ భుజం ఉంటుందో ఉండదో. మర్నేన్ల పేరు బురదలో పడుతుంటే చూడలేక వెళ్తున్నానని, వాడి కోసం మాత్రం కాదని కుక్కతో చెప్పి అబీ బయల్దేరింది. ఎక్కడ విసరాలో చూపుతుంది. ఎందుకో మాత్రం, వాడు నోరు తెరిచి అడిగేదాకా చెప్పదు. ఈ సంగతి కుక్కతో కూడా అనలేదు.

కమ్మరికొట్టు మలుపు దాకా డెన్నీ, జెర్ సరిసమానం. అక్కడ రోడ్లు చూసే కౌంటీ వాళ్ళు రోడ్డుకు ఎడమ సగమే కొత్త తారు పోసి, కుడి సగం పాత కంకరతో వదిలేశారు. జెర్ ముందు విసిరాడు. మలుపులో తిరగాలని గుండుకు మంచి మెలి పెట్టి నున్నటి తారు మీద వదిలాడు. అది వెన్న మీద పోయినట్టు పోయింది. పోయింది గాని తిరగలేదు, తిన్నగా పొదలు చీల్చుకుని కమ్మరి క్యాబేజీ మడిలో పడింది. ఇక రోడ్డు వదిలినచోటు నుంచే మళ్ళీ విసరాలి. మలుపు ఇంకా అతని ముందే ఉంది.

డెన్నీ వంతు రాగానే అబీ వెళ్ళి కుడివైపు, కంకర మీద నిలబడింది.

గట్టు మీది జనం గొల్లుమన్నారు. కంకర మీద గుండు చస్తుందన్నారు. శీతాకాలం కోపమంతా ఇప్పుడు తీర్చుకుంటోందన్నాడు ఒక ముసలాడు. ఆ మాట డెన్నీకీ వినిపించింది. పరుగెత్తబోయి ఆగాడు. ఎడమకు జరగమని చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. అందరూ చూస్తుండగా గుండు చేత్తో పట్టుకుని అక్క దగ్గరికి నడిచాడు.

“ఇటెందుకు?”

“ఓ రాయిని పాతి అడక్కపోయావా?”

డెన్నీ గుండును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“రాయికి తెలీదక్కా.”

అబీ అతన్ని కాసేపు అలాగే నిలబెట్టింది. ఆమెకు ఆ హక్కుంది.

“అటు గుండు ఉరుకుతుందిరా, తిరగదు. జెర్‌ది చూశావుగా. ఎంత మెలి పెడితే ఏం, పట్టుకోడానికి రోడ్డుకి పళ్ళుండాలి. ఇక్కడున్నాయి. దూరం తగ్గుతుంది, తగ్గనీ. గట్టిగా విసురు.”

విసిరాడు. ఆమె ఎడంకాలు ఎత్తి పక్కకు తప్పుకుంది. గుండు కంకర మీద గొణుక్కుంటూ పోయి, వేగం తగ్గి, మలుపు దగ్గర మెలి రాళ్ళను కరుచుకోగానే వంగి, గోడ వెనక్కి కనుమరుగైంది. గొప్ప దూరమేమీ పోలేదు. మలుపు మాత్రం దాటింది.

చివరికి ఒక్క విసురు తేడాతో డెన్నీ గెలిచాడు.

ఆ సాయంత్రం పబ్బు నుంచి తొందరగానే ఇల్లు చేరాడు. అబీ పళ్ళెం బల్ల మీద పెట్టి, “మాంసం చల్లారిపోతోందిరా, కూర్చో” అంది.

సెయిలర్ పొయ్యి పక్క నుంచి లేచి డెన్నీ దగ్గరికి వెళ్ళింది. తనతో ఎవరూ ఏమీ చెప్పలేదని కాసేపటికి గాని దానికి అర్థం కాలేదు.