సోమవారం లేని వారం

లారీ డ్రైవరుకు పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒకచోట అరగంట ఊరికే కూర్చున్న జ్ఞాపకం లేదు. బండి ఆగితే టైర్లు తట్టి చూసేవాడు, తాళ్ళు బిగించేవాడు, ఏ పనీ లేకపోతే అద్దం తుడిచేవాడు. అలాంటివాడు కేబిన్ మెట్టు మీంచి జారి, మోకాలు మెలికపడి, ఆరు వారాలు ఇంటిపట్టున ఉండాల్సి వచ్చింది. ఆ ఆరు వారాల్లో వంటగదిలోని డబ్బాలన్నీ మూడుసార్లు సర్దాడు. మూడోసారి భార్య, "ఇక చాలించు. ఉప్పు ఎక్కడుందో నాకే తెలియడం లేదు" అంది.

ఒక ఆదివారం లారీ ఓనరు ఫోన్ చేశాడు. ఇంకొక్క వారం ఓపిక పట్టి, ఆపై సోమవారం బండెక్కమన్నాడు. డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. భార్యకు చెప్పాడు, పక్కింటాయనకు చెప్పాడు. పక్కనే మంచం మీద బొమ్మకు జడ వేస్తున్న కూతురికి మాత్రం చెప్పలేదు. పిల్లకు వేరే చెప్పాలని అతనికి తోచలేదు.

మర్నాడు ఆ పిల్ల ఒకటో తరగతి గుమ్మంలో తండ్రి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఆరేళ్ళది. పుట్టినప్పుడు ఏడిస్తే ఆసుపత్రి వరండా అంతా వినబడిందని తండ్రే ముద్దుగా 'హారన్' అని పిలవడం మొదలుపెట్టాడు. మూడు నెలలుగా పేచీ లేకుండా బడికి వస్తున్న పిల్ల ఆ రోజు పేరు నిలబెట్టుకుంది. పక్క తరగతుల పిల్లలు కిటికీల్లోకి ఎక్కారు.

"కాసేపు లోపల కూర్చోండి. సర్దుకుంటుంది" అంది టీచరు.

కాసేపు కాస్తా సాయంత్రం దాకా సాగింది. అతను లేవబోతే చాలు, హారన్ మోగేది. పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, క గుణింతం విన్నాడు. బయట ఏదో లారీ ఎత్తు ఎక్కుతుంటే మూడో గేరులోంచి రెండోదానికి మార్చాల్సిన చోట మార్చలేదని తెలిసిపోయి, క్లచ్ తొక్కినట్టు ఎడమకాలు దానంతటదే నేలను నొక్కింది.

పక్కనున్న, ముందుపళ్ళు ఊడిన పిల్ల అతన్ని చాలాసేపు పరీక్షగా చూసింది.

"అంకుల్, మీరు ఫెయిలయ్యారా?"

"లేదమ్మా."

"మరి మాతో ఎందుకున్నారు?"



ఇంటికెళ్ళాక ఇదంతా చెబితే, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసే భార్య సగం వింటూ బట్టలు మడతపెట్టింది. "నేను తీసుకెళ్తే ఏడవదు. నువ్వుంటేనే ఏడుస్తోంది" అంది.

"అయితే నువ్వే తీసుకెళ్ళు."

"తీసుకెళ్తా. నా డ్యూటీకి నువ్వు వెళ్తావా?"

మంగళవారం కూడా అతనే వెళ్ళాడు. ఆ రోజు కొలతలు. టీచరు తన బల్లను జానలతో కొలిచి ఆరు అంది. పిల్లలు ఒక్కొక్కరే కొలిచి తొమ్మిదన్నారు, పదన్నారు, ఒకడు పధ్నాలుగన్నాడు. "ఫెయిలైన అంకుల్‌తో కొలిపిద్దాం" అన్నారెవరో. అతని చేతికి అయిదే వచ్చాయి. ఒకే బల్లకు ఇన్ని లెక్కలేమిటని తరగతిలో పెద్ద గొడవ. "అందరిదీ కరెక్టే. చెయ్యి ఎవరిదో చెప్పకపోతేనే తప్పు" అంది టీచరు. అతను సరుకు ఎంత ఎత్తుందో కళ్ళతోనే చెప్పగలడు, ఈ మాట మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. గంట సేపు కాలి సంగతి మరిచిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

హెడ్మాస్టరుగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మూడోసారి, "ఇది బడా, బస్టాండా?" అన్నారు. శనివారం వరకే అని టీచరు ఒప్పించింది.

బుధవారం తీసివేతలు. టీచరు పది సీసా మూతలు బల్ల మీద పరిచి, నాలుగు తీసి గుప్పిట్లో దాచి, ఎన్ని మిగిలాయని హారన్‌ని అడిగింది.

"పది."

"నాలుగు తీసేశాను కదమ్మా."

"మీ చేతిలో ఉన్నాయిగా. చూశాను."

అందరూ నవ్వారు. తండ్రి కూడా నవ్వాడు. ఈ పిల్లకు లెక్కలు అబ్బవేమోనని లోపల దిగులు కూడా పడ్డాడు. అయిదయి ఉంటుందనుకుని గడియారం చూశాడు, మూడే అయింది. సోమవారానికి ఇంకా ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

గురువారం టీచరు నేల మీద సుద్దముక్కతో ఏడు గడులు గీసింది. గడికో వారం పేరు. ఒక్కొక్కరూ వచ్చి, ఒక్కో గడిలో దిగి, ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి. ఆదివారం తల అంటుతారని చెప్పి ఒక పిల్ల అప్పుడే ఏడుపు మొహం పెట్టింది. శుక్రవారం మా తాత పళ్ళు కడుక్కోడని ఇంకొకడు చెప్పాడు. ఎందుకో ఎవరికీ తెలియదు.

హారన్ ఆదివారంలో నిలబడి, "అమ్మకి సెలవు" అంది. అక్కణ్ణించి ఎగిరి నేరుగా మంగళవారంలో పడింది.

"మధ్యలో సోమవారం వదిలేశావే?"

"సోమవారం లేదు."

"ఎందుకు లేదు? ఇదిగో, గీశాను కదా."

"నేను లేచేసరికి నాన్న ఉండడు" అంది పిల్ల. చెప్పేసి బుధవారంలోకి గెంతి, ఇంట్లో కుళాయి నీళ్ళు రాకపోవడం గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

విరామం గంట కొట్టాక డ్రైవరు వరండాలో టీచరు దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడూ సోమవారం తెల్లవారుజామునే బయల్దేరతానండి. అది లేస్తే ఏడుస్తుందని చప్పుడు చేయకుండా వెళ్తాను. చెప్పులు కూడా చేత్తో పట్టుకుని."

"ఏడిస్తే ఏమవుతుంది?"

"నాకు కాళ్ళాడవు."

టీచరు చేతుల మీది సుద్ద దులుపుకుంది. "ఈ పిల్ల నిద్రపోతే మీరు మాయమైపోతారు. అందుకే పట్టుకుని కూర్చుంటోందేమో. నాకూ ఖాయంగా తెలీదండీ. చెప్పి వెళ్ళి చూడండి."

వినడానికి తేలికగానే ఉంది. శుక్రవారం చెబుదామనుకుని బెంచీ మీద కూర్చున్నాడు, చెప్పలేదు. శనివారం బడినుంచి వస్తూ నోటిదాకా వచ్చింది, బిస్కెట్లు కావాలా అని అడిగి ఊరుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భార్య గిన్నె ఠక్కున పెట్టి, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది. అప్పుడు కూతురి ఎదురుగా కూర్చుని, ఒక్క గుక్కలో, "రేపు బండి మీద వెళ్తున్నాను. నిన్ను బడిలో దింపాకే వెళ్తాను. శుక్రవారం వస్తాను" అనేశాడు.

పిల్ల ఏడవలేదు. "ఎన్ని గంటలకి?" అంది.

ఓనరుకు ఫోన్ చేసి మూడు గంటలు ఆలస్యంగా బయల్దేరతానన్నాడు. అవతల గొణుగుడు వినిపించింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి అడిగిన కోరిక అది, ఓనరు కాదనలేకపోయాడు.

సోమవారం గుమ్మంలో హారన్ మోగింది. ఈసారి పట్టుకోలేదు, నిలబడి గొంతెత్తి ఏడ్చింది. అతను గేటు దాకా వెళ్ళాడు, తిరిగి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. "సార్, అటో ఇటో తేల్చుకోండి, గేటు వెయ్యాలి" అన్నాడు వాచ్‌మన్. టీచరు కిటికీలోంచి వెళ్ళమని చెయ్యి ఊపింది. వెళ్ళాడు. మొదటి వంద కిలోమీటర్లు ఎలా నడిపాడో అతనికే తెలియదు. టీ కోసం ఆగినచోట భార్యకు ఫోన్ చేస్తే, తన పని మధ్యలో బడికి ఫోన్ చేసి కనుక్కున్నానని, అయిదు నిమిషాలకే ఏడుపు మానేసి గుణింతాలు రాస్తోందని చెప్పింది. కాస్త ఊపిరి ఆడింది. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

శుక్రవారం రాలేకపోయాడు. దారిలో వంతెన మూసేశారు. లారీలు బారులు తీరి ఒక పగలంతా నిలిచిపోయాయి. అతను అక్కడ టైర్లు తట్టలేదు, అద్దం తుడవలేదు. బండి దిగి వంతెన కాపలావాణ్ణి పదిసార్లు అడిగి తిట్లు తిన్నాడు.

శనివారం, బండి షెడ్డులో పెట్టి, స్నానం కూడా చేయకుండా నేరుగా బడికి వచ్చాడు. కూతురు తలెత్తి చూసింది. "నిన్న కదా శుక్రవారం" అని మళ్ళీ రాసుకోసాగింది. గంట కొట్టేదాకా అతను గేటు బయట అటూ ఇటూ తిరిగాడు. ఇంటికెళ్తూ వంతెన సంగతి చెప్పాడు. పిల్ల రెండు వీధులు మూతి ముడుచుకుని నడిచింది.

"ఎన్ని లారీలు ఆగాయి?"

"అరవై ఉండొచ్చు."

"లెక్కపెట్టలేదా?"

"లేదు."

"పెట్టాల్సింది" అంది.

ఆ తర్వాతి సోమవారం బయల్దేరేటప్పుడు, "శనివారం వస్తాను. దారి మూసేస్తే ఆదివారం" అన్నాడు. పిల్ల ఆ రెంటినీ మనసులో సరిచూసుకుని సరేనంది. ఆపైన ఏడ్చింది. గొంతు కొంచెం తగ్గింది, అంతే.