దీదీ నమ్మని బట్ట

దీదీ పోయారన్న కబురు నా ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చింది. నేను నమ్మలేదు. మా దీవుల్లో ఉత్తరాన ఉన్న ఈ మాయాబందర్‌లో వానాకాలం సిగ్నల్ దొరికిన కాసేపట్లో వచ్చే కబుర్లలో సగం అబద్ధాలే ఉంటాయి. బతికున్న మనిషి ఫొటోకి దండ వేసి పంపినవాళ్ళని కూడా చూశాను. మెసేజ్ పెట్టిన దీదీ శిష్యురాలికి ఫోన్ చేసి, "ఎవరు చెప్పారు? నువ్వు కళ్ళారా చూశావా?" అని గద్దించాను. ఆ పిల్ల ఏడుస్తూ, "చూశానక్కా. పొద్దున్న గుండెపోటు వచ్చిందట. నేను కాళ్ళకి దండం పెట్టుకుని వచ్చాను" అంది. అప్పటికీ ఊరుకోక బాంబూఫ్లాట్‌లో ఉన్న మా అమ్మకి చేశాను. అమ్మ ఫోనైతే ఎత్తింది గానీ మాట్లాడలేదు. అప్పుడు నమ్మాను.

ఏ మాటనైనా ఇద్దరు ముగ్గురిని అడిగిగానీ నమ్మకపోవడం నాకు దీదీ దగ్గర అబ్బిన గుణమే.

బాంబూఫ్లాట్ స్కూల్లో ఆవిడ ఆటల టీచరు. సాయంత్రాలు స్కూలు హాల్లో పరుపులు పరిచి ఆడపిల్లలకి జూడో నేర్పేవారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, రాంచీవాళ్ళు, అందరం ఆవిడని దీదీ అనే పిలిచేవాళ్ళం. మాలాగే వాళ్ళదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపలు పట్టుకుని బతికిన కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడింట్లో ముందు గది ఆవిడది.

జూడోలో అవతలి మనిషి కోటు పట్టుకునే కదా పడేసేది. అందుకని ఎవరైనా కొత్త కోటు తెస్తే దీదీ దాన్ని పోలీసులు పట్టుకున్న సామానులా చూసేవారు. ముందు తిరగేసేవారు. "బయటివైపు అందరూ అందంగానే కుడతారు. లోపలికి రా, అక్కడ చూద్దాం" అనేవారు, ఆ కోటుతోనే మాట్లాడుతున్నట్టు. కిటికీకి అడ్డం పెట్టి వెలుతురు ఎంత దూరుతోందో చూసేవారు. భుజాల దగ్గర, చంకల్లో, పైజామా మోకాళ్ళ దగ్గర రెండో పొర వేశారో లేదో వేళ్ళతో నలిపి చూసేవారు. మెడపట్టీని రెండు పిడికిళ్ళతో పట్టుకుని గుంజేవారు. అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చేవారు. బూడిదైతే నూలు, ముద్ద కడితే ప్లాస్టిక్. "లేబుల్ మీద కాటన్ అని రాసుంది కదా దీదీ" అని ఎవరైనా అంటే, "రాసిందెవరు? అమ్మినవాడే కదా" అనేవారు.

నాకు పదమూడేళ్ళప్పుడు విశాఖపట్నం నుంచి మా మావయ్య ఓడ మీద నాకొక తెల్లటి కోటు, పైజామా పంపాడు. ప్లాస్టిక్ కవరు విప్పితే తళతళలాడింది. అప్పటిదాకా మామూలు డ్రెస్సులోనే సాధన చేసిన నేను ఆ రోజు హాల్లోకి పెళ్ళికూతురిలా నడిచాను. దీదీ నన్ను పిలిచి, చుట్టూ ఒకసారి తిరిగి, మెడపట్టీ పట్టుకుని లాగారు. భుజం దగ్గర పర్రుమని చిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది కరాటే బట్ట, పట్టుకుంటే ఆగదు. ఇంటికెళ్ళి మీ నాన్నకి చూపించు" అన్నారు.

మర్నాడు మా నాన్న డింగీ పడవ కట్టేసి, చేతులైనా కడుక్కోకుండా హాలుకి వచ్చాడు.

"ఏటి టీచరమ్మా, మా బావమరిది ఓడ మీద పంపిన బట్ట అందరి ముందూ సింపేసినావంట?"

"చింపనేదు భయ్యా. పట్టుకున్నాను, బస్. రేపు పోటీలో అవతలి పిల్ల నాకన్నా గట్టిగా పట్టుకుంటాది. అప్పుడు నీ కూతురి చెయ్యి ఆ చిరుగులో ఇరుక్కుంటే ఎవరి మీద అరుస్తావు?"

"మాకు తెల్దని సెప్పొచ్చు కదా. సింపాలా?"

దీదీ హాలు మూలకి వెళ్ళారు. బీరువా తీసి ఒక పాత కోటు, దాని పైజామా నా చేతుల్లో పెట్టారు. దాని బరువుకి నా చేతులు కిందికి జారాయి. తెల్లగా ఉండాల్సింది మజ్జిగ రంగులో ఉంది. పైజామా మోకాళ్ళకి అతుకులు. కోటు వీపు మీద ఒకప్పుడు పేరు కుట్టి, తరవాత విప్పేసినట్టు సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి. ఎవరిదని అడిగితే, "వేసుకో. చేతులు ముందుకి చాపు. కూర్చో. లే. ఇంకోసారి కూర్చో" అన్నారే గానీ చెప్పలేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో అనుమానం మొదలైంది.

నా బరువులోనే పోటీపడే ఇంకో అమ్మాయి ఉండేది. జెట్టీ దగ్గర షాపువాళ్ళ కూతురు. వాళ్ళదీ ఆంధ్రా కుటుంబమే. ఆ అమ్మాయిని దీదీ స్వయంగా వెంటబెట్టుకుని పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి, మధ్యాహ్నమంతా తిరిగి, దళసరి నేత కోటు కొనిపించారు. ఆరు నెలల్లో, సముద్రం దాటి మెయిన్‌ల్యాండ్‌లో జరిగే పోటీలకి ఎంపిక. మా బరువుకి ఒక్కరినే పంపుతారు. "పాతది మనకీ, కొత్తది ఆళ్ళకీనా?" అంది అమ్మ. నాన్న, "ఆ వీపు మీద పేరు ఎందుకు ఇప్పేసిందో? ఏటో ఉంది" అన్నాడు. నేను రాత్రీ పగలూ ఆ రంధ్రాలనే తడుముతూ ఉండేదాన్ని. చనిపోయిన పిల్లదేమో అనుకున్నాను. దొంగిలించిందేమో అనీ అనుకున్నాను. నన్ను ఓడించడానికే ఈ బరువు మోయిస్తున్నారని గట్టిగా నమ్మాను.

దీదీ మాత్రం తక్కువ తిన్నారా? ఒకరోజు నా కోటు మెడపట్టీని నాలికతో తాకి, "సముద్రం నీళ్ళలో ఉతికారా?" అని అడిగారు. ఉప్పు నీళ్ళకి నూలు కుళ్ళిపోతుందని ఆవిడ భయం. అది నా చెమట. ఇంటికొచ్చి చెబితే అమ్మ మండిపడింది. "చేపలోళ్ళమంటే మంచినీళ్ళు కూడా ఉండవనుకుందా?" ఆ మాట ఎలా చేరిందో గానీ, ఆదివారం దీదీ మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. "తప్పయిపోయింది వదినా" అన్నారు సూటిగా. అమ్మ మెత్తబడి అన్నానికి లేవమంది. లేచి వంటింట్లోకి వెళ్ళిన దీదీ, పక్క గిన్నెలో రాత్రికని ఉంచిన పచ్చి చేప మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూశారు. అమ్మకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అలాంటి మనిషి ఆవిడ.

అయినా నా అనుమానం తగ్గలేదు. ఎంపికకి వారం ఉందనగా నాన్నని వేధించి, దీదీకి తెలియకుండా పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక కోటు కొనిపించుకున్నాను. ఈసారి జూడోదే. షాపతను నా భుజాల మీద తట్టి, "ఏక్‌దమ్ ఫిట్" అన్నాడు. నిజంగానే కొలిచి కుట్టినట్టుంది. గంజి పోవాలని అమ్మ వేడినీళ్ళలో ఉతికింది. బయట వాన. పొయ్యి పక్కన ఆరేశాం. ఆరాక వేసుకుంటే కొంచెం పట్టినట్టు అనిపించింది గానీ, కొత్త బట్ట కదా, వదులవుతుందిలే అనుకున్నాను. పాతదాన్ని పెట్టె వెనక్కి తోసేశాను.

ఎంపిక రోజు పొద్దున్న అందరం ఫెర్రీ ఎక్కి, పోర్ట్‌బ్లెయిర్ వైపున్న చాథం జెట్టీలో దిగి హాలుకి వెళ్ళాం. దీదీ దారంతా నాతో మామూలుగానే మాట్లాడారు. నేనే ఆవిడ మొహం చూడలేకపోయాను. హాల్లో పేరు పిలిచేముందు బట్టలు తనిఖీ చేసే బల్ల ఉంది. అక్కడున్న ఆయన నన్ను చేతులు ముందుకి చాపమన్నాడు. చాపాను. కోటు చేయి మణికట్టు దాకా రాలేదు. నాలుగు వేళ్ళు ఇవతలే ఆగిపోయింది. ఆయన చేతిలోని కొలత చెక్కని కోటు చేతిలోకి దూర్చబోతే అది సగంలోనే బిగుసుకుంది.

"నహీ చలేగా. మార్చుకుని రా. లేకపోతే ఆట లేదు" అన్నాడు.

పాతది ఇంట్లో ఉంది. ఇల్లు నీళ్ళకి అవతల ఉంది. షాపువాళ్ళ అమ్మాయి వరసలో నా వెనకే నిలబడి చూస్తోంది. ఏడుపు ఆపుకుంటూ తల తిప్పితే దీదీ సంచీ జిప్పు తీస్తున్నారు. అందులోంచి మజ్జిగ రంగు కోటు తీసి నా మీదకి విసిరారు.

"పరిగెత్తు."

బట్టలు మార్చుకునే గదిలోకి ఆవిడా వచ్చారు. నా బెల్టు తనే కట్టారు.

"మీకెలా తెలుసు దీదీ?"

"వారం నుంచి నా కళ్ళలోకి చూట్టం నేదు నువ్వు. మెడ మీద కొత్త పట్టీ ఒరుసుకున్న ఎర్ర మచ్చ ఉంది. పొద్దున్నే మీ అమ్మకి ఫోన్ చేసి పాత కోటు ఎక్కడుందని అడిగాను. నీకు కనపడకుండా జెట్టీకి తెచ్చిచ్చింది."

"మరి ఇంటిదగ్గరే చెప్పొచ్చు కదా!"

దీదీ ముడి బిగించి ఒకసారి గుంజి చూశారు. "చెప్తే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. నన్ను ఆపడానికే అంటున్నారనుకునేదాన్ని. ఆ చెక్క చెబితేనే నమ్ముతానని ఆవిడకి తెలుసు.

రెండు ఆటలు గెలిచాను. ఆఖరి ఆట షాపువాళ్ళ అమ్మాయితోనే. తను నా మెడపట్టీ పట్టుకుని మూడుసార్లు బలంగా గుంజింది. కోటు ఒక్క దారం వదల్లేదు. నా చేతులు అనుకున్నంత మేర సాగాయి, నడుము తిరిగింది, మోకాళ్ళు వంగాయి. అయినా ఓడిపోయాను. ఆ అమ్మాయి నాకంటే బాగా ఆడింది, అంతే.

తిరుగు ఫెర్రీలో దీదీ నా పక్కకొచ్చి కూర్చున్నారు. "ఇయ్యాళ ఓడింది నువ్వు. నువ్వు ఓడితే నేర్పగలను. బట్ట ఓడిపోతే నేనేటి చెయ్యగలను?" అన్నారు. ఆ ధైర్యంతో, వీపు మీద విప్పేసిన పేరు ఎవరిదని మళ్ళీ అడిగాను.

నీళ్ళకేసి చూస్తూ చెప్పారు. అది ఆవిడ పేరే. నా వయసులో మెయిన్‌ల్యాండ్ పోటీకి వెళ్ళేటప్పుడు ఆవిడకి సొంత కోటు లేదు. ఎవరిదో ఇరుకు కోటు అడిగి వేసుకున్నారు. అప్పట్లో చూసి ఆపినవాళ్ళు లేరు. మొదటి ఆటలోనే పడుతూ చెయ్యి చాపబోతే కోటు భుజాన్ని కదలనివ్వలేదు. ఆ భుజం జారిపోయింది. అది మళ్ళీ సరిగ్గా అతకలేదు. వాళ్ళ నాన్న ఆవిడ కొలతలిచ్చి చేయించిన కోటు ఆ తరవాతి ఓడలో దిగింది.

"అచ్చం సరిపోయింది. ఇంట్లో అద్దం ముందు ఏసుకున్నాను. పోటీకి ఒక్కసారీ ఏసుకోనేదు" అన్నారు. "టీచరయ్యాక పేరు ఇప్పేసి పిల్లలకి ఇస్తన్నాను. నీకన్నా ముందు ముగ్గురు ఏసుకున్నారు. షాపోళ్ళ పిల్లకీ ఇద్దును, దాని భుజాలు పెద్దవి."

ఆరు నెలలు నేను ఆవిడ గురించి అనుకున్న మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. క్షమించమని అడగబోయాను. దీదీ అడగనివ్వలేదు. "దిగు, దిగు, జెట్టీ వచ్చింది" అంటూ లేచారు.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఆ కోటు వెలుతురులోకి తీసుకెళ్ళి అతుకుల మీద వేలితో రాసుకుంటూ చాలాసేపు చూశాడు. వలలు కుట్టే మనిషి కదా. "ఇంత దగ్గరగా ఏసింది సూడు పోగు" అని మాత్రం అన్నాడు. మర్నాడు తనే పైజామా మోకాలి అతుకు ఒకటి వల దారంతో బాగుచేసి పంపాడు. దీదీ చూసి, "నైలాన్ ఒళ్ళు కోస్తాది భయ్యా" అని మొత్తం విప్పేసి మళ్ళీ నూలుతో కుట్టుకున్నారు. ఈసారి నాన్నకి కోపం రాలేదు.

మరుసటి ఏడు నేను మెయిన్‌ల్యాండ్ వెళ్ళాను. కోటు కొనడానికి దీదీ నన్నూ పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళారు. అయిదు షాపుల్లో పదకొండు కోట్లు తిరగేశారు. నాలుగు వేళ్ళు పొడుగున్నది తీయించి, చన్నీళ్ళలో మూడుసార్లు నానబెట్టి, నీడలో ఆరేసి, అప్పుడు కొలిచారు. షాపులవాళ్ళు ఆవిడ్ని చూడగానే మొహాలు మాడ్చుకునేవారు. ఆ అనుమానం తన కోసం కాదని వాళ్ళకి తెలియదు. నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఇప్పుడు మాయాబందర్ స్కూల్లో నేనే ఆటల టీచర్ని. పిల్లలు కొత్త బట్టలు తెస్తే తిరగేసి చూస్తాను. లాగే ముందు మాత్రం చెప్పి లాగుతాను. ఆ ఒక్కటీ దీదీ దగ్గర నేర్చుకోలేదు.

కబురు తెలిసిన మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి, సాయంత్రానికి బాంబూఫ్లాట్ చేరాను. అప్పటికి అంతా అయిపోయింది. దీదీ ఇంటి వసారాలో పిల్లలు ఏడెనిమిది మంది గోడవారగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ తలల మీదుగా కట్టిన తాడుకి ఒక దళసరి కోటు వేలాడుతోంది. పోయేముందు రోజు సాయంత్రం క్లాసు నుంచి వచ్చి తనే ఉతుక్కుని ఆరేసుకున్నారట. వాన జల్లు మీద పడుతున్నా తీసేద్దామని ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఆరిందేమో చూడనా?" అంటూ ఒక చిన్నపిల్ల లేచి మునివేళ్ళ మీద నిలబడింది. కోటు అంచు రెండు చేతులతో పట్టుకుని పిండింది. నీళ్ళు ఆ పిల్ల మోచేతుల దాకా కారాయి.