నార్వే గుంట చీలమండకు మా మామ్మ మొక్కు

ఆ రోజుల్లో మలేషియాలోని సైబర్‌జయలో నాకు బాగా తెలిసిన మనిషంటూ ఒక్కావిడే ఉండేది. ఆవిడ నార్వే దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారిణి, అందులోనూ గోల్స్ కొట్టే స్ట్రైకర్. నేనంటూ ఒకతెను ఈ భూమ్మీద ఉన్నానని ఆవిడకు తెలియదు. ఈ చిన్న లోటు తప్పిస్తే మా స్నేహం దివ్యంగా సాగింది. ఇరవై రెండేళ్ళ వయసులో, కిటికీలోంచి చూస్తే నున్నటి రోడ్లూ గాజు మేడలూ తప్ప నడిచే మనిషి కనిపించని ఊళ్ళో, అద్దె గదిలో ఒక్కతెనూ ఉన్నదానికి స్నేహం గురించి పెద్ద పట్టింపులు ఉండవు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఎవరైనా నవ్వితే ఊరుకునేదాన్ని కాదు. (నవ్వడానికి ఎవరూ లేరనుకోండి, అది వేరే సంగతి.)

నా ఉద్యోగం ఏమిటో మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఎవరికీ అర్థమయ్యేది కాదు, మొదట్లో నాకూ కాలేదు. ఎక్కడెక్కడో జరిగిన మ్యాచ్‌ల వీడియోలు మా ఆఫీసుకు వచ్చేవి. ఒక్కొక్కరికి ఒక్కో క్రీడాకారిణిని అప్పగించేవారు. ఆవిడ కాలికి బంతి తగిలినప్పుడల్లా ఒక మీట నొక్కాలి. పక్కకు ఇస్తే ఒక మీట, పోగొట్టుకుంటే ఒక మీట, కిందపడితే ఒక మీట. మా సెక్షన్‌కు పెద్ద ఒక తమిళాయన, అందరం అణ్ణన్, అంటే అన్నయ్య, అనేవాళ్ళం. నాకు ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా రావని ఆయన రెండు నిమిషాల్లో కనిపెట్టేశాడు. "స్ట్రైకర్‌ని తీసుకోమ్మా. ఈజీ లా. బంతి ఎప్పుడో గానీ రాదు" అని నార్వే ఆవిడను నాకు రాసిచ్చేశాడు. (మా దేశంలో ఏ భాష మాట్లాడినా చివర ఒక 'లా' తగిలిస్తాం.) మొదటి మ్యాచ్‌లో సగంసేపు నేను ఇంకెవరి జడనో అనుసరించాను. ఆ జట్టులో నలుగురికి బంగారు రంగు జడలున్నాయి మరి. ఆ రోజు లెక్క ప్రకారం మా స్ట్రైకర్ తన గోలు ముందే కాపలా కాసిందని తేలేసరికి అణ్ణన్ నెత్తి పట్టుకున్నాడు.

ఆయన చెప్పింది మాత్రం నిజమే. తొంభై నిమిషాల ఆటలో నా వేళ్ళకు పని చాలా తక్కువ. మిగతా సేపంతా ఆవిడను చూస్తూ కూర్చోవడమే. చూసి చూసి, ఈవిడెవరో తెలుసుకోవాలని బుద్ధి పుట్టి దొరికిందల్లా చదివాను. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చలికాలంలో అక్కడ సూర్యుడు మొహం చాటేస్తాడట. ఆడపిల్లల జట్టు లేక, పడవల షెడ్డు గోడకేసి బంతి కొట్టుకుంటూ ఆట నేర్చుకుందట. పదిహేడేళ్ళకే వేరే దేశపు క్లబ్బుకు వెళ్ళిపోయింది. అక్కడి భాష రాక మొదటి ఏడాదంతా ఇంటావిడ కుక్కతోనే మాట్లాడేదాన్నని ఏదో ఇంటర్వ్యూలో చెప్పుకుంది. ఆ తర్వాత కప్పులు, పెద్ద క్లబ్బులు, దేశానికి కెప్టెన్ కావడం, గోడల నిండా బొమ్మలు, అన్నీ వచ్చాయి. నాకు మాత్రం ఆ కుక్క సంగతే మనసులో ఉండిపోయింది. నా గదిలో కుక్క కూడా లేదు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ ఒంటరిగా అన్నం తినకూడదు. మా పెద్దవాళ్ళు రబ్బరు తోటల్లో కూలిపని చేసిన కాలంనుంచీ ఉన్న పట్టింపు ఇది. షిఫ్టు ముగించుకుని ఎవరు ఏ వేళకు వచ్చినా, ఇంకొకరు తమ కంచంలో ఒక ముద్ద వేసుకుని ఎదురుగా కూర్చోవాల్సిందే. అమ్మానాన్నలు పోర్ట్ క్లాంగ్‌లో గిడ్డంగి పనుల్లో ఉండడంతో నన్ను పెంచింది మా మామ్మ, నాన్నగారి తల్లి. సైబర్‌జయ ఉద్యోగానికి ఆవిడ ఒక్క షరతు మీదే ఒప్పుకుంది. తోడుగా ఇంకో ఆడపిల్ల ఉండాలి, లేదంటే మూటాముల్లే సర్దుకుని వచ్చేయాలి. తోడుంటానన్న కాలేజీ స్నేహితురాలు తీరా బయల్దేరే వారంలో పెనాంగ్‌లో ఉద్యోగం వచ్చిందని చక్కా పోయింది. ఆ ముక్క నేను మామ్మకు చెప్పలేదు.

మొదటి ఫోనులోనే అడిగింది. "ఒలే, అన్నం తిన్నావా? ఎవుళ్తో తిన్నావు?"

నేను అప్పుడు మ్యాచ్ ముందు కూర్చుని డబ్బాలోని నూడుల్స్ తింటున్నాను. మాట నోట్లోంచి ఊడిపడింది. "నార్వే ఆవిడతో తిన్నాను మామ్మా."

"మనోల్లేనా?"

"కాదు లా. తెల్లావిడ. చాలా మంచిది."

"పోన్లే. తెల్లదైతే మాత్రం ఏటి, ఆకలి ఉండదా? ఏం పని సేస్తాది?"

"పరుగెత్తే పని."

"రోజంతా పరుగేనా? ఓలమ్మో, ఆ గుంటని కాసేపు కూకోనీరేటి!"

(మా మామ్మకు ఆడపిల్లలందరూ గుంటలే, కెప్టెన్లైనా సరే.) ఆ రోజునుంచి నార్వే ఆవిడ నా కవాన్ అయిపోయింది. స్నేహితురాలిని మా ఇళ్ళలో ఈ మలయ్ మాటతోనే పిలుస్తారు. నేను చెప్పినవి అబద్ధాలు కావని నన్ను నేను సమర్థించుకునేదాన్ని. పదిహేడేళ్ళకే ఇల్లు వదిలిందంటే నిజమే కదా. ఆటలో ఓడిపోయినప్పుడు ఎవరితోనూ మాట్లాడదంటే అదీ నిజమే. మామ్మ జాలిపడిపోయి, నెలకోసారి ఇద్దరికి సరిపడా కొరియర్ పంపడం మొదలుపెట్టింది. నెత్తళ్ళు వేసిన సంబల్ కారం రెండు సీసాలు, మురుకులు రెండు డబ్బాలు, నువ్వుండలు రెండు పొట్లాలు. ఒకదాని మీద వంకర అక్షరాలతో "నారువే" అని రాసి ఉండేది. ఆవిడ అక్కడ పరుగెడుతూనే ఉంది, ఆవిడ వాటా కూడా తిని నేను ఇక్కడ లావెక్కుతూనే ఉన్నాను. ఏడాది తిరిగేసరికి ఆవిడ చురుకుదనం గురించి ఏ పత్రికలో చదివినా నాకు కొంచెం గిల్టీగా ఉండేది.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం, మామూలు మ్యాచ్ ఒకటి చూస్తున్నాను. ఎవరో వెనకనుంచి కాలు అడ్డం పెట్టారు. ఆవిడ పడింది. పడినప్పుడు నొక్కాల్సిన మీట నొక్కాను. లేవడానికి మీట లేదు గానీ, లేస్తుందని వేలు గాల్లో పెట్టుకుని కూర్చున్నాను. లేవలేదు. చీలమండ పట్టుకుని గడ్డిలో మొహం దాచుకుంది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళిపోతుంటే ఆఫీసులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. అణ్ణన్ కంగారుపడి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. ఏం చెప్పను? ముక్కు తుడుచుకుని, జలుబన్నాను.

ఆ సాయంత్రం మామ్మ ఫోను చేసింది. ఆవిడ కాలు విరిగిందనీ, మళ్ళీ పరుగెత్తుతుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారనీ చెప్పేశాను. మామ్మ వెంటనే, "అమ్మోరికి మొక్కేస్తాను. నెత్తిన పాలకుండ ఎత్తుతానని మొక్కేస్తాను. ఆ గుంట నచ్చత్రం ఏటి?" అంది.

గుళ్ళో పూజారిగారు నక్షత్రం చెప్పందే అర్చన చేయరు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఆవిడ పుట్టినరోజు వెతికి, పంచాంగం సైట్‌లో నార్వే ఊరు వేసి చూశాను. పుట్టిన వేళ ఎక్కడా దొరకలేదు గానీ ఏ వేళ వేసినా రేవతి దాటలేదు. (నా నక్షత్రం ఏమిటో నాకు ఇప్పటికీ గుర్తుండదు.) మర్నాడు మామ్మ గుళ్ళో అర్చన చేయించి ఫోను చేసింది. "గోత్రం అడిగినారే. నానేటి సెప్తాను? మన గోత్రమే సెప్పేసినాను. ఇంటిపేరూ మనదే ఇచ్చేసినాను." ఆ విధంగా నార్వే జట్టు కెప్టెన్ మా ఇంటి ఆడపడుచయింది.

పదకొండు నెలలు గడిచాయి. అణ్ణన్ నాకు వేరే అమ్మాయిని ఇచ్చాడు. చురుకైన పిల్ల, ఊపిరాడనివ్వకుండా మీటలు నొక్కించేది. కానీ అన్నం తినేటప్పుడు ఆ పిల్లను చూడబుద్ధయ్యేది కాదు. అప్పుడు తెలిసింది, నిజంగా ఒక్కతెనూ తినడమంటే ఏమిటో. మామ్మకు మాత్రం, కవాన్ గదిలోనే ఉంది, కాలు చాపుకుని కూర్చుంటోంది, నయమవుతోంది అని చెబుతూ వచ్చాను. అది చెప్పేటప్పుడు నాకే నమ్మబుద్ధయ్యేది.

చివరికి ఆవిడ మళ్ళీ ఆడింది. రెండో సగంలో దిగి, తలతో గోలు కొట్టింది. నేను సంతోషం పట్టలేక ఆఫీసు మెట్ల మీదనుంచే మామ్మకు ఫోను చేశాను. చేశాక గానీ బుర్ర పనిచేయలేదు. మొక్కు తీరాలంటే, నయమైన మనిషి మొక్కిన మనిషితో కలిసి ఒకే ఆకులో అమ్మవారి పరమాన్నం తినాలి. "బస్సెక్కించి తీసుకురా" అంది మామ్మ. ఆవిడకు సెలవు లేదన్నాను. జ్వరమన్నాను. వాళ్ళ అమ్మ వచ్చిందన్నాను. మామ్మ అన్నిటికీ "సరే లా" అని, ఒక శనివారం పొద్దున నా గది తలుపు కొట్టింది.

డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి బస్సెక్కి, రైలు మారి, కొరియర్ చీటీ చూపించి దారి అడుగుతూ వచ్చేసింది. చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో పాత పేపరులో చుట్టిన అరిటాకు. "పాలకుండ నిన్న ఎత్తేసినాను. మెడ పట్టేసినాది. ఏదీ గుంట?" అంటూ లోపలికి వచ్చింది. నా గదిలో చూడ్డానికి ఎక్కువేమీ లేదు. ఒక పరుపు, ఒక కంచం, ఒక గ్లాసు, గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు. మామ్మ వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. మూటాముల్లే సర్దుకునే ఘడియ వచ్చేసిందనుకున్నాను.

లాప్‌టాప్ తెరిచి ఆ మ్యాచ్ పెట్టాను. "ఈవిడే మామ్మా" అన్నాను.

మామ్మ చాప మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. తిట్టలేదు. చాలాసేపు చూసింది. "అందరూ ఆ సివర కుమ్ముకుంటన్నారు. ఇదొక్కతీ ఈ సివర ఏటి సేస్తున్నాది?"

"బంతి కోసం చూస్తోంది."

"ఎవులైనా ఇస్తారా?"

"ఇస్తారు. ఎప్పుడో ఒకసారి."

"అంతవరకూ?"

"అలా నిలబడే ఉంటుంది మామ్మా. ఒక్కతీ."

మామ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "రెండేళ్ళూ నువ్వు ఒంటిగా తిన్నావా?" అని అడిగింది. అబద్ధమాడినందుకు చెంప వాయించినా ఓర్చుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయాను. ఆవిడ ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను. "నాకెందుకు సెప్పలేదే?" అంటే, "చెబితే తీసుకెళ్ళిపోతావని" అన్నాను. "తీసుకెళ్ళిపోదును" అంది నిక్కచ్చిగా.

తర్వాత లేచి ఆకు పరిచింది. పరమాన్నం వడ్డించి, మొదటి ముద్ద లాప్‌టాప్ ముందు కాసేపు పెట్టి, "తినమ్మా, మళ్ళీ పరుగెత్తాల" అని తెరకు చెప్పింది. (లోపల ఆవిడకు అదే క్షణాన ఆఫ్‌సైడ్ ఇచ్చారు.) ఆ ముద్ద తీసి నా నోట్లో పెట్టింది, తానూ ఒకటి తింది. ఆ ఒక్క ఆకులోనే ఇద్దరం తిని ఖాళీ చేశాం. నేను లేచి బ్యాగు తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. అడిగించుకోవడం దేనికని.

"ఏటది?" అంది మామ్మ.

"రమ్మంటావు కదా మరి."

ఆవిడ తెరవైపు చూసింది, నావైపు చూసింది. "నువ్వొచ్చేస్తే ఆ గుంటని ఎవులు సూస్తారు?" అంది. "బట్టలు లోపలెట్టు."

మామ్మ తొమ్మిది రోజులు ఉంది. ఎదురు గది మలయ్ టీచరమ్మతో, పరిచయమే లేనట్టు రెండేళ్ళు నేను తప్పించుకు తిరిగిన మనిషితో, రెండో రోజుకల్లా చేపల కూర మార్చుకుంది. మామ్మ వెళ్ళిపోయిన మర్నాడు ఏడ్చినంత ఏడుపు నేను ఆ స్ట్రెచర్ రోజున కూడా ఏడవలేదు. కానీ ఆ సాయంత్రం టీచరమ్మ తన కంచం పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది.

ఈ మధ్యే నార్వే ఆవిడ ఆట మానేసింది. సొంత ఊరు చేరి పిల్లలకు నేర్పుతోందట. మామ్మకు చెబితే, "మంచిదే, ఇంక కాసేపు కూకుంటాది" అంది. ఆ రోజే నేను ధైర్యం చేసి నార్వే ఆవిడకు ఒక ఉత్తరం మొదలుపెట్టాను. గౌరవనీయురాలైన మేడమ్ గారికి, మీ చీలమండ కోసం తెలుక్ ఇంటాన్‌లో ఒక ముసలావిడ నెత్తిన పాలకుండ మోసింది, మీది రేవతీ నక్షత్రం, మనది ఒకే ఇంటిపేరు. అక్కడికి రాసి చదువుకుని, పిచ్చిదాన్నని అనుకుంటుందేమోనని సిగ్గేసి ఆపేశాను. ఇరవై రెండేళ్ళప్పుడైతే సిగ్గుపడకుండా పంపించేసి, జవాబు కోసం రోజూ ఎదురుచూసేదాన్ని. ఆ పిల్ల మీద ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, కొంచెం ముచ్చటా వేస్తుంది.