గొంతు నొక్కిన ఎపిసోడ్లు

మా కోర్టు ఆఫీసులో ఒక రకం మనుషులున్నారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ, "జీవితంలో ఉన్న ఏడుపు చాలదా, మళ్ళీ టీవీలో కూడానా?" అంటారు. ఏ సీరియలైనా ఆఖరి వారం మాత్రం చూస్తారు. చూసి, "బాగానే ఉంది గానీ అంత గొప్పగా ఏమీ లేదు" అని తీర్పు చెబుతారు. నేనక్కడ స్టెనోను. సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పకూడదని మా ఆఫీసు బల్లలకు కూడా తెలుసు, వీళ్ళకు తెలియదు. కథంటే వీళ్ళకు పెళ్ళి విందులో ఆఖరున ఇచ్చే ఐస్‌క్రీము. తిన్నగా దాని దగ్గరికే వెళ్ళి నిలబడతారు.

అయినా వాళ్ళనని ఏం లాభం, ఆ జబ్బు మా ఇంట్లోనే ఉంది.

మాది యాకుత్‌పురాలో పాత ఇల్లు. నాన్న గుడిలో అర్చకత్వం చేస్తూనే పోయారు. మిగిలింది అమ్మా, నేనూ. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. ఆరేళ్ళపాటు ఒకే సీరియల్ చూసింది. అది సాయంత్రం ఆరున్నరకు, సరిగ్గా దీపం పెట్టే వేళకు వచ్చేది. ఆ వేళ ఇంట్లో ఏడుపు వినిపిస్తే లక్ష్మి గడపలోంచే తిరిగి వెళ్ళిపోతుందని అమ్మ నమ్మకం. సీరియల్లో చూస్తే ఏడుపు తప్ప ఇంకేమీ లేదు. అమ్మ దీనికొక ఉపాయం కనిపెట్టింది. కోడలి కన్ను తడి కాగానే రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేసేది. ఎవరైనా నవ్వితే మళ్ళీ గొంతు వదిలేది. జైలు, విషం కలిపిన పాయసం, కడుపు పోవడం అన్నీ మూగనాటకంలా నడిచాయి. సీమంతం, చీరల బేరం, వడియాలు పెట్టుకోవడం మాత్రం వీధి చివరికి వినిపించాయి.

నేను వెటకారం చేస్తే, "దీపం ముంగట శోకాలు పెట్టుకుంటమా? బొమ్మ చూస్తె ఎరుకైతలేదా ఏంది?" అనేది.

మా వంశంలో చెడ్డ మాటకు ఎప్పుడూ గొంతు లేదు. తొమ్మిదేళ్ళ క్రితం అమ్మమ్మ ఈ ఇంట్లోనే మంచాన పడింది. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఉండేది సైదాబాద్‌లో, ఆటోలో ఇరవై నిమిషాలు. అప్పుడు వాళ్ళ అమ్మాయి పెళ్ళి, అప్పటికే పసుపు దంచారు. పసుపు దంచిన ఇంటికి చెడు కబురు పోకూడదని అమ్మ నిర్ణయించింది. మావాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలూపారు. మూడు రోజులు చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మమ్మ పండుకుంది" అని చెప్పింది నేనే. అప్పగింతలైన మర్నాడు తెల్లవారుజామున అమ్మమ్మ పోయింది. చిన్నమ్మ వచ్చేసరికి తలాపున దీపమూ, ముఖం మీదికి కప్పిన దుప్పటీ తప్ప ఏమీ లేవు.

చిన్నమ్మ ఒక్క మాట అనలేదు. కర్మలయ్యేదాకా ఇంటిపని చేసింది, వెళ్ళిపోయింది, మళ్ళీ మా గడప తొక్కలేదు. తరువాత ఏ పెళ్ళిలో ఎదురుపడినా అమ్మ స్వీట్ డబ్బా చేతిలో పెట్టేది. చిన్నమ్మ తీసుకునేది, మోకాళ్ళు ఎట్లున్నయని అడిగేది, వేరే బల్ల దగ్గర కూర్చునేది. బంధువులు, "అక్కచెల్లెండ్లు కలిసిపోయిండ్రు, ఇంకేం ఫికర్" అని చేతులు దులుపుకున్నారు. కోర్టులో రాజీ కాగితాలు టైపు చేసే నాకు నవ్వొచ్చేది. ఏం జరిగిందో నోరు విప్పకుండా సంతకాలు పెట్టిన అన్నదమ్ములు ఏడాది తిరక్కుండా మా వరండాలోనే కనబడతారు. అమ్మకు మాత్రం ఒకే కోరిక మిగిలింది. తాను పోయేలోగా చెల్లెలు పక్కన కూర్చుని మనసు విప్పి మాట్లాడాలి. దేవుడి ముందు నిలబడ్డా అదే అడిగేది.

సీరియల్ ఆఖరి రోజున కింది వాటా ఆవిడ మా ఇంటికొచ్చింది. వాళ్ళది కిరాణా హోల్‌సేలు వ్యాపారం. టీవీ చెడిపోయిందట. ఆవిడ ఆరేళ్ళూ పూర్తి గొంతుతో చూసిన మనిషి. చివరి సీనులో పెద్దగా ఏమీ లేదు. జైలు నుంచి వచ్చిన కోడలికి అత్త తాళాల గుత్తి ఇచ్చి, గడ్డం పట్టుకుంటుంది. అంతే. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఒకసారి టీవీని, ఒకసారి ఆవిడను చూసింది.

"గింతగనం ఏడుస్తున్నవేందమ్మా? తాళాలే గద ఇచ్చింది."

"పెద్దమ్మా, గా తాళాల లొల్లిలనే గద ఆమె కడుపు పోయింది. దవాఖానల అత్త ఏమన్నదో యాదికి లేదా?"

అమ్మకు యాదికి లేకపోవడం కాదు. అసలు వినలేదు.

ఆవిడ వెళ్ళాక అమ్మ చిన్నబోయి కూర్చుంది. "ఆరేండ్లు చూసిన. నాకేం అనిపిస్తలేదేందే?"

నాకు ఒళ్ళు మండింది. "ఉసిరికాయ కొరకకుంట నీళ్ళు తియ్యగ లేవంటె ఎట్ల? చిన్నమ్మకు నువ్వు స్వీట్ డబ్బలిచ్చుడు గూడ గంతే."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అనకుండా ఉండాల్సిందని నాకనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఆ సీరియల్ రాసినవాణ్ణి నేను పొగడను. గతం మరిచిపోవడం, పోలికలు కలిసిన మనిషి ఊడిపడటం, చచ్చినవాడు బతికి రావడం, వాడి చేతిలో పడని చెత్త లేదు. కానీ ఒక పని సరిగ్గా చేశాడు. ఆ అత్తను నిజంగా దుర్మార్గురాలిని చేశాడు, ఆ కోడలిని నిజంగా ఏడిపించాడు. మధ్యలో జాలిపడి తగ్గించలేదు. అందుకే చివర్లో గడ్డం పట్టుకున్న ఆ చేయి కింది వాటా ఆవిడను అంతగా కదిలించింది. మా అమ్మకు మాత్రం ఒక ముసలావిడ ఇంకొకావిడకు తాళాలిచ్చింది. ఏడుపు కథలొద్దనే మా ఆఫీసు పెద్దమనుషులకు ఏ ముగింపులోనైనా అంతకన్నా ఎక్కువ దక్కదు, వాళ్ళకు దక్కకపోతే నేను బాధపడను.

మూడో రోజు పొద్దున అమ్మే వచ్చింది. "పాత ఎపిసోడ్లు ఫోన్ల వస్తయంట గద. పెట్టియ్యి."

దీపం వేళ కాదు కాబట్టి ఏడుపుకు అడ్డు లేదు. రోజూ ఉదయం పూజయ్యాక, గొంతు నొక్కిన ఎపిసోడ్లు ఒక్కొక్కటే వెతికించుకుని చూడటం మొదలుపెట్టింది. మూడు వారాలు గడిచాయి. ఒక సెలవు రోజు నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. ఆనాటి ఎపిసోడ్‌లో, ఇంట్లో వ్రతం ఉందని, కోడలి తండ్రికి ప్రాణం మీదికి వచ్చిన సంగతి అందరూ దాస్తారు. ఆ పిల్ల తరువాత వచ్చి, నన్నెందుకు పిలవలేదని ఒక్కొక్కరినీ అడుగుతుంది. అమ్మ ఫోన్ ఆపేసింది.

"మంచికే చేసిన అనుకున్ననే ఇన్నేండ్లు," అంది. తరువాత, "సైదాబాద్ పోదాం పా" అంది.

"స్వీట్లు తీసుకుందామా?" అని అడిగాను, కావాలనే.

"వద్దు."

చిన్నమ్మ తలుపు తీసింది, కూర్చోమంది, చాయ్ తెచ్చింది, మోకాళ్ళెట్లున్నయని అడిగింది. అమ్మ చాయ్ ముట్టలేదు.

"చెల్లె, ఒకటి చెప్పాలె. విన్నంక లేచి పొమ్మంటె పోత. అమ్మ మూడు దినాలు నిన్నే అడిగింది. చిన్నది వచ్చిందా, చిన్నది వచ్చిందా అని. తొవ్వల ఉన్నదని అబద్ధమాడిన. ఆఖరి దినం గేటు చప్పుడైతె నువ్వే అనుకుని లేవబోయింది. పాలాయన అది."

చిన్నమ్మ కప్పు కింద పెట్టింది. మెల్లగా నావైపు తిరిగింది.

"నువ్వు ఫోన్ల పండుకుందన్నవు."

"అవును చిన్నమ్మా. మేల్కొనే ఉండె. నేను పక్కనే ఉన్న."

తొమ్మిదేళ్ళు నోరెత్తని మనిషి అప్పుడెత్తింది. "ఇరవై నిమిషాల తొవ్వ. పెండ్లి ఆగితె ఆగేది. నా బిడ్డకు ఇంకో ముహూర్తం దొరుకుతది. నాకు ఇంకో అమ్మ దొరుకుతదా? మీరెవరు నాకు చాటు చేసెతందుకు?" మా ఇద్దరినీ అనరాని మాటలన్నీ అంది. చిన్నాన్న లోపలి నుంచి వచ్చి, చూసి, మళ్ళీ లోపలికే పోయాడు. అమ్మ ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. మంచికే చేశానని అంటుందేమోనని నాకు భయంగా ఉండింది. అనలేదు.

అరిచి అరిచి చిన్నమ్మ అలసిపోయింది. ముఖం తుడుచుకుంది. ఎదుటి కుర్చీలోంచి లేచి వచ్చి అమ్మ పక్కన దివాన్ మీద కూర్చుంది.

"మళ్ళ చెప్పు. మొదటి నుంచి. ఏమి ఇడువకు. గా మూడు దినాలు నాయి గూడ."

అమ్మ గొంతు సవరించుకుంది. "మొదటి దినం పొద్దుగాల గంజి కాసి ఇచ్చిన. తాగనన్నది."

"ఎందుకు తాగనన్నది?"

"నువ్వు వచ్చినంక తాగుతనన్నది."